పిల్లలు లేరా సార్?

పోస్టు ఒక్కటే. ఫిజిక్స్. వచ్చినవాళ్లు 11 మంది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక విజయవాడ హైవేకి అటూ ఇటూ కనిపించే ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదానికి ఆ రోజు సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా వెళ్లాను. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అక్కర్లేదు. సంతకం పెట్టిన చెయ్యి నాది, తప్పూ నాదే. ఫస్టియర్ క్లాసులకు పది రోజులే టైముంది. బీటెక్‌లో ఫిజిక్స్ మొదటి ఏడాదితో సరి. ఒక థియరీ పేపరు, ఒక ల్యాబు. చాలా బ్రాంచీల పిల్లలు ఆ తర్వాత ఆ సబ్జెక్టు ముఖం చూడరు. అందుకే కంప్యూటర్ సైన్సు పోస్టులన్నీ నిండాక, ఆఖర్న ఎవరికో ఫిజిక్స్ ఖాళీ గుర్తొస్తుంది.

ఆరో నంబరుగా లోపలికి వచ్చినాయన నలభై దాటిన మనిషి. నల్లగొండ వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చారు. డిగ్రీ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్‌గా 17 ఏళ్లు చేశారు. పీహెచ్‌డీ లేదు. డెమో క్లాసు చెప్పమన్నాం. సెమినార్ హాల్లో వందకు పైగా కుర్చీలు, వాటి ముందు మేం నలుగురం. ఆయన చాక్‌పీస్ తీసుకుని బోర్డు వైపు తిరిగారు. మళ్లీ ఆగి, మా వెనక్కి చూశారు.

"పిల్లలు లేరా సార్?"

లేరన్నాం. మేమే పిల్లలమనుకుని పది నిమిషాలు చెప్పమన్నాం. ఆయన మా టేబుల్ మీది నీళ్ల గ్లాసు అడిగి తీసుకుని తన పెన్ను అందులో వేశారు. నీళ్లలో విరిగినట్టు కనబడే ఆ పెన్ను దగ్గర మొదలుపెట్టి, సంపూర్ణాంతర పరావర్తనం మీదుగా, ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్ దాకా తీసుకెళ్లారు. మధ్యలో రెండుసార్లు, అలవాటు చొప్పున, ఖాళీ కుర్చీల వైపు చూసి "అర్థమైందా నాన్నా?" అన్నారు.

ఎంపికైంది మరొకరు. పీహెచ్‌డీ ఉంది, స్కోపస్‌ జాబితాకెక్కిన పేపర్లున్నాయి, కాలేజీ న్యాక్ గుర్తింపు ఫైల్లో పెట్టుకోవడానికి పనికొస్తాయి. డెమో మాత్రం స్లైడ్లు చూసి చదివారు. అందరితో పాటు నేనూ సంతకం పెట్టి, కవరు తీసుకుని ఇంటికొచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, 2022లో, విజయనగరం నుంచి ఒక వార్త వచ్చింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ గాథ ఆ వార్తలోని మనిషిది.

*

2022. తెల్లవారుజాము నాలుగు గంటలు. విశాఖపట్నంలో ఒక అద్దె ఇల్లు. 93 ఏళ్ల ఆవిడ లేచి ఆనాటి పాఠం చూసుకుంటున్నారు. జీవితంలో ఎన్ని వందల సార్లు చెప్పారో ఆ పాఠం, అయినా చూసుకుంటారు. మోకాళ్ల ఆపరేషన్ తర్వాత రెండు చేతికర్రలు తోడైతే తప్ప అడుగు పడదు. ఆ కర్రలతోనే బస్సెక్కుతారు. విజయనగరం దాకా 60 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దిగి, సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో క్లాసు గదికి నడుస్తారు. రోజుకు ఆరు క్లాసులైనా చెప్పగలనని ఆమె విలేకరులతో అన్నారు.

పేరు చిలుకూరి శాంతమ్మ. ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ కుర్చీలో అప్పట్లో ఉన్న జి.ఎస్.ఎన్. రాజు గారు ఒకప్పుడు ఆమె క్లాసులో కూర్చున్న విద్యార్థి. యాంటెన్నాల మీద పుస్తకాలు రాసి, ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా చేసి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చారు.

శిష్యుడు నడుపుతున్న విద్యాలయంలో గురువు చాక్‌పీస్ పట్టుకున్నారు. చదవడానికి పురాణ కథలా ఉంది కానీ, నాకు అందులో కనిపించింది ఒక ఎంపిక. ఒక ఇంటర్వ్యూ బోర్డు చేయాల్సిన పని. ఆ పని చేసే అర్హత అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఆ క్లాసులో ఒకప్పుడు కూర్చున్నవాడికే. ఆ అభ్యర్థి పాఠం ఎలా ఉంటుందో ఆయనకు బయోడేటా చూడకుండానే తెలుసు.

*

1929 మార్చి 8, మచిలీపట్నం. శాంతమ్మ పుట్టిన ఐదు నెలలకే తండ్రి పోయారు. మేనమామ పంచన పెరిగారు. తల్లి మాత్రం 104 ఏళ్లు బతికారు.

1945 నాటికి ఆ అమ్మాయి విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీలో ఇంటర్మీడియట్ విద్యార్థిని. ఇక్కడ కథ కాసేపు ఆపి ఆ కాలేజీ గురించి చెప్పాలి. దాన్ని మిసెస్ ఏవీఎన్ కాలేజీ అంటారు. ఈ గాథకు అర్ధ శతాబ్దం ముందు, 1892లో, ఆ కాలేజీకి లెక్కలూ ఫిజిక్సూ చెప్పే మనిషి కావాల్సి వచ్చాడు. తమిళ దేశం నుంచి ఒక లెక్చరర్‌ను తీసుకున్నారు. పేరు చంద్రశేఖర అయ్యర్. భార్యాపిల్లలతో వచ్చి విశాఖలో కాపురం పెట్టాడు. అప్పటికి నాలుగేళ్ల వయసున్న ఆయన రెండో కొడుకు సముద్రం చూస్తూ, తండ్రి అల్మారాలోని సైన్సు పుస్తకాలు తిరగేస్తూ పెరిగాడు. 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ అయ్యాడు, తండ్రి పాఠాలు చెప్పే కాలేజీలోనే ఎఫ్.ఏ. చదివాడు, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లాడు. ఆ పిల్లవాడు సి.వి. రామన్.

1892లో ఆ లెక్చరర్ ఉద్యోగం మరొకరికి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం నా పని కాదు. ఒక్కటే గమనించాను. ఆ పోస్టు పరిశోధనా పీఠం కాదు. డిగ్రీ లోపు పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పే మామూలు లెక్చరర్ ఉద్యోగం. హైవే పక్కన మేం పదకొండు మందిలో ఒకరిని ఏరిన పోస్టు లాంటిదే.

అదే ఏవీఎన్ కాలేజీలో తండ్రి లేని అమ్మాయి ఫిజిక్స్‌లో మొదటి స్థానం తెచ్చుకుని, జయపురం మహారాజా విక్రమదేవ వర్మ చేతుల మీదుగా బంగారు పతకం అందుకుంది. 1945లో ఒక తెలుగమ్మాయి ఫిజిక్స్ తీసుకోవడమే ఇంట్లో చర్చకు పెట్టాల్సిన విషయం. ఆమె తీసుకుంది, ఆంధ్రా యూనివర్సిటీలో బీఎస్సీ ఆనర్స్‌కూ చేరింది.

వాల్తేరు కొండ మీద ఆ ఫిజిక్స్ విభాగం కూడా మంచి ఎంపికల మీదే నిలబడింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో వైస్ చాన్సలర్‌గా వచ్చాక ఊరూరా వెతికి మనుషుల్ని తెచ్చుకున్నారు. ఫిజిక్స్‌కు 1932లో వచ్చిన సూరి భగవంతం అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ చదివి, కలకత్తా వెళ్లి రామన్ పక్కన పనిచేశాడు. కాంతి కణానికి స్పిన్ ఉందని చూపే ప్రయోగంలో 1931లో రామన్‌తో కలిసి పేరు వేయించుకున్నాడు. ఏవీఎన్ లెక్చరర్ కొడుకు తీర్చిన శిష్యుడు మళ్లీ విశాఖకే వచ్చి చేరాడన్నమాట. తర్వాత ఉస్మానియాకు వైస్ చాన్సలర్, బెంగళూరు సైన్సు ఇనిస్టిట్యూట్‌కు డైరెక్టర్ అయ్యాడు.

ఆ తరువాతి ఎంపిక ఇంకా ధైర్యమైనది. 1954లో వి.ఎస్. కృష్ణ వైస్ చాన్సలర్. ఫిజిక్స్‌కు తీసుకున్నది కాషాయం కట్టిన సన్యాసిని. పశ్చిమ గోదావరి గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, ఇల్లు విడిచి, హిమాలయాల్లో తపస్సు చేసి, యూరప్ వెళ్లిన స్వామి జ్ఞానానంద. ప్రాగ్‌లో ఎక్స్-రే స్పెక్ట్రోస్కోపీ మీద ఒక డాక్టరేటు, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద మరొకటి. ఏ అప్లికేషన్ ఫారంలో ఏ గడిలో ఇమిడే మనిషి? అయినా తీసుకున్నారు. అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం ఆయన చేతుల్లో పుట్టింది.

మరో రెండేళ్లకు, 1956లో, అదే సైన్సు కాలేజీలో శాంతమ్మ లెక్చరర్‌గా చేరారు.

*

33 ఏళ్లు. ఆ ముప్ఫై మూడేళ్లను పత్రికలు ఒక్క వాక్యంలో దాటేశాయి. పాఠాలు చెప్పే మనిషి జీవితంలో బయటికి కనిపించే సంఘటనలు తక్కువ మరి. లెక్చరర్, రీడర్, ప్రొఫెసర్. అణు, పరమాణు స్పెక్ట్రోస్కోపీ మీద పరిశోధన. సీఎస్ఐఆర్, యూజీసీ వంటి సంస్థల ప్రాజెక్టుల బాధ్యత. ఆమె దగ్గర పలువురు పీహెచ్‌డీ చేశారు. 1989లో 60 ఏళ్లు నిండాయి, రిటైరయ్యారు. పరిశోధన ఆపలేదు, కొన్నేళ్లు గౌరవ హోదాలో అక్కడే పనిచేశారు. భర్త చిలుకూరి సుబ్రహ్మణ్య శాస్త్రి గారు తెలుగు ప్రొఫెసర్. ఉపనిషత్తుల దారి ఆయన చూపించారు, ఆమె భగవద్గీత మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. సొంత ఇంటిని వివేకానంద మెడికల్ ట్రస్టుకు ఇచ్చేసి తాము అద్దె ఇంటికి మారారు.

ఇంత జరిగాక, తొంభై ఏళ్ల చేరువలో, మళ్లీ క్లాసు.

ఎవరికి చెప్పారన్నది చూడండి. మెడికల్ ఫిజిక్స్, రేడియాలజీ, అనస్థీషియా చదివే డిగ్రీ పిల్లలు. రేపు ఏ పార్వతీపురం ఆస్పత్రిలోనో, మన ఇబ్రహీంపట్నంలోని ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనో ఎక్స్-రే మిషను పక్కన నిలబడేవాళ్లు. వీళ్లలో ఎవరూ ఫిజిక్స్ మీద ప్రేమతో చేరరు. ఉద్యోగం త్వరగా వస్తుందని చేరతారు. సిలబస్‌లో ఫిజిక్స్ ఉంది కాబట్టి వింటారు. డిగ్రీ స్థాయిలో ఫిజిక్స్ చెప్పడం ఎంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది. ఎమ్మెస్సీ విద్యార్థి తన కోరికతో వస్తాడు. ఈ పిల్లలకు ఆ కోరికను కూడా మాస్టారే పుట్టించాలి.

పుట్టించకపోతే ఏమవుతుందో రెండు లెక్కలు చెబుతాను. ఎక్స్-రే గొట్టం నుంచి 1 మీటరు దూరంలో నిలబడిన టెక్నీషియన్ 2 మీటర్లకు జరిగితే మీద పడే కిరణాల తీవ్రత సగం అవుతుందని చాలామంది అనుకుంటారు. పావు వంతు అవుతుంది. 3 మీటర్లకు వెళితే తొమ్మిదో వంతు. ఒక్క అడుగు వెనక్కి వేయడంలో ఎంత రక్షణ ఉందో ఈ చిన్న సూత్రం తెలిసినవాడికే తెలుసు. ఛాతీ ఎక్స్-రే 180 సెంటీమీటర్ల దూరం నుంచి ఎందుకు తీస్తారంటే, దగ్గర నుంచి తీస్తే గుండె నీడ ఉన్నదానికన్నా పెద్దదిగా పడుతుంది. రోగం లేని గుండెకు రోగం అంటగట్టే ప్రమాదం అది.

ఇంకోటి అనస్థీషియా పిల్లలది. 10 లీటర్ల ఆక్సిజన్ సిలిండర్, మీటరు ముల్లు 150 బార్ దగ్గరుంది. బాయిల్ సూత్రం ప్రకారం బయటి గాలి పీడనం దగ్గర అది సుమారు 1,500 లీటర్ల వాయువు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఇస్తే 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. ముల్లు సగానికి వస్తే రెండున్నర గంటలు. కరోనా రెండో వేవ్‌లో, 2021 వేసవిలో, సిలిండర్ ఎంతసేపు వస్తుందో చెప్పండి సార్ అని ఎన్ని కుటుంబాలు అడిగాయో మనందరికీ గుర్తే. ఇంటర్ మొదటి ఏడాది లెక్క అది. పరీక్షకు రాసినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ రాత్రి వార్డులో నిలబడి వేయగలిగినవాళ్లు ఎందరు? ఆ తేడా అంతా వాళ్లకు ఆ పాఠం ఎవరు చెప్పారన్న దాంట్లోనే ఉంది.

*

ఇప్పుడు మా బోర్డు దగ్గరికి వస్తాను.

విజయనగరం వార్త చదివిన మర్నాడు యూజీసీ 2018 నిబంధనల పుస్తకం తీశాను. మా కాలేజీలు అక్షరాలా పాటించినా పాటించకపోయినా, బోర్డుల్లో కూర్చునే మా బుర్రల్లో ఉండేది అలాంటి పట్టికే. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చే షార్ట్‌లిస్టు మార్కులు అందులో ఉన్నాయి. పీహెచ్‌డీకి 30. ఒక్కో పరిశోధన పత్రానికి 2 చొప్పున 10 దాకా. బోధనానుభవానికి ఏడాదికి 2 చొప్పున, మించితే 10.

ఆ చివరి గడి మళ్లీ చదివాను. ఐదేళ్లు చెప్పినవాళ్లకు పది మార్కులు. ఆరో ఏడు నుంచి మార్కు లేదు. నల్లగొండ నుంచి వచ్చిన ఆ మాస్టారి 17 ఏళ్ల క్లాసుల్లో 12 ఏళ్లు మా లెక్కలోకి రాలేదు. శాంతమ్మ గారి పేరు రాసి చూశాను. 1956 నుంచి చెప్పిన పాఠాలన్నీ కలిపితే ఆమెకూ పదే. మొన్న ఐదేళ్లు పూర్తయిన కుర్రవాడికీ పదే.

నిబంధనలు వద్దనడం లేదు. అవి లేని రోజుల్లో బంధుత్వం, కులం, సిఫారసు ఉత్తరం ఎలా పోస్టులు నింపాయో నాకూ తెలుసు. పట్టిక కనీసం కాగితం మీద అందరినీ సమానంగా నిలబెట్టింది. కానీ పట్టిక కొలవలేనిదాన్ని కొలవడానికే మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టారు. షార్ట్‌లిస్టు అయ్యాక ఎంపికంతా ఇంటర్వ్యూ మీదే అని అదే నిబంధన చెబుతోంది. ఆ గంటలో మేం మళ్లీ కాగితాలే చూశాం. పెన్ను వేసిన గ్లాసు మా కళ్ల ముందే ఉంది. చూడలేదు.

అమెరికాలో కేవలం డిగ్రీ విద్యార్థుల కోసం నడిచే చిన్న కాలేజీలు చాలా ఉన్నాయి. అక్కడ ఫిజిక్స్ అధ్యాపకుణ్ణి ఎంచుకునేటప్పుడు అభ్యర్థి చేత నిజమైన క్లాసుకు పాఠం చెప్పించడం మామూలు. తర్వాత విద్యార్థులు ఆయనతో కలిసి భోజనం చేస్తారు, వాళ్ల అభిప్రాయం కమిటీ చేతికి వెళుతుంది. కాల్‌టెక్ లాంటి పరిశోధనా సంస్థ కూడా 1961లో మొదటి ఏడాది పిల్లల ముందుకు ఎవరిని పంపాలా అని ఆలోచించి రిచర్డ్ ఫైన్‌మాన్‌ను పంపింది. రెండేళ్లపాటు ఆయన చెప్పిన ఆ పాఠాల పుస్తకాలు మన లైబ్రరీల్లోనూ ఉన్నాయి. మొదటి ఏడాది పిల్లలకు మన దగ్గరున్న వాళ్లలో ఉత్తముణ్ణి ఇవ్వాలన్న తెలివి వాళ్లకుంది. మనం మొదటి ఏడాదికి మిగిలినవాళ్లను సర్దుతున్నాం.

అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల కాలేజీ బస్సులు దిగే పిల్లల్ని రోజూ చూస్తాను. యాచారం, మంచాల, చౌటుప్పల్ వైపు నుంచి వస్తారు. ఎంతోమంది ఇళ్లలో ఇంజనీరింగ్ చదివేది వీళ్లే మొదలు. ఇంటర్‌లో ఫిజిక్స్ అంటే ఎంట్రన్స్ పరీక్ష కోసం బట్టీ పట్టిన ఫార్ములాలే. ఫస్టియర్‌లో దొరికే ఆ ఒక్క మాస్టారే వాళ్లకు ఆఖరి అవకాశం. ఆ ఏడాది దాటితే ఫార్ములా వెనకున్న లోకాన్ని వాళ్లకు చూపించే మనిషి ఎదురుపడడు.

మొన్న మరో కాలేజీ వాళ్లు ఫిజిక్స్ పోస్టుకు ఎక్స్‌పర్ట్‌గా రమ్మని ఫోన్ చేశారు. వస్తాను, ఒక్క షరతు అన్నాను. డెమో క్లాసు మాకు పెట్టొద్దు. సీనియర్ విద్యార్థులు ఇరవై మందిని, వీలైతే ఫిజిక్స్ తప్పినవాళ్లనే, ముందు వరుసల్లో కూర్చోబెట్టండి. పది నిమిషాలు చాలదు, అరగంట ఇవ్వండి. చివర్లో వాళ్లకొక చీటీ ఇచ్చి, ఏం అర్థమైందో రెండు వాక్యాలు రాయమనండి. ఆ చీటీలు చదివాకే బయోడేటాలు తెరుద్దాం. ప్రిన్సిపాల్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరేనన్నారు.

ఈ పేజీ చదువుతున్న కాలేజీ యాజమాన్యాలకు, బోర్డుల్లో కూర్చునే నాలాంటి మాస్టార్లకు నా మనవి కూడా అదే. ఈసారి ఫిజిక్స్ ఇంటర్వ్యూ పెట్టిన రోజు ఆ హాల్లోకి పిల్లల్ని రానివ్వండి. నల్లగొండ నుంచి వచ్చి వెళ్లిన ఆ మాస్టారు ఇది చదివితే, అయ్యా, ఇంకొక్కసారి దరఖాస్తు పెట్టండి.